మాల్టా దీవికి పోవువారి ఆరోగ్యపత్రములు

మా అన్నగారి మనుమడు మాల్టా దేశమునకు పోనున్నాడు. అక్కడ నర్సుపని చేయుచున్న తన అక్కను చూచి, నెలదినములలో తిరిగి రావలెనని వాని ఉద్దేశము. ఆ సంగతి విని మా ఊరి పెద్ద యొకరు, “వానిని గడపలోనే ఆపకుండ ఏయే సూదిమందులు వేయింపవలెనండీ?” అని నన్నడిగినారు. మీ ఇండ్లనుండియు పిల్లలు దేశాంతరములకు పోవుచున్నారు గనుక, ఆయనకు చెప్పినదే మీకును మనవి చేయుచున్నాను.

మాల్టా మధ్యధరా సముద్రములో సిసిలీకి దక్షిణమున నున్నది. దాని వైశాల్యము 316 చదరపు కిలోమీటర్లు. మన పాత తాలూకాలు అనేకము దానికంటె పెద్దవి. 2021 లెక్కలలో జనసంఖ్య 5 లక్షల 19 వేలు. చెప్పుకొనదగిన నది యొకటియు లేదు. త్రాగునీటిలో పెద్దభాగము సముద్రజలమునుండి ఉప్పు తీసి చేసినదే. 1964లో బ్రిటిషువారినుండి స్వాతంత్ర్యము పొందినది.

మనదేశమునుండి సరాసరి పోవువారిని అక్కడ టీకాపత్ర మడుగరు. కాని మావాడు త్రోవలో కెన్యాలోని మేనమామ యింట పదిదినములు నిలువదలచినాడు. చిక్కంతయు నక్కడనే యున్నది. దోమకాటువలన వచ్చు ఎల్లో ఫీవరు ఆఫ్రికా, దక్షిణ అమెరికాలలో పెక్కుదేశములందు కలదు, మనకు లేదు. అట్టి దేశములనుండి వచ్చువారు, తొమ్మిదినెలలు దాటిన పసివారైనను, మాల్టాలో టీకా సర్టిఫికెట్టు చూపవలెను. టీకా వేసిన పదియవ దినమునుండి గాని అది చెల్లదు; ప్రయాణపు ముందునాడు వేయించిన ప్రయోజనము లేదు. 2016 జూలైనుండి ఒక్క టీకా జన్మాంతము చెల్లుచున్నది. మాల్టా మాట యటుండగా, కెన్యానుండి తిన్నగా ఇల్లు చేరవచ్చినను మన ప్రభుత్వము ఆ పత్రమునే అడుగును. లేనివారిని ఆరుదినములవరకు వేరుగా నుంచవచ్చును.

ఈ కట్టుదిట్టములు ఆ దీవికి క్రొత్త కావు. 1643లోనే రేవుప్రక్కన వచ్చిన ఓడవారిని వేరుగా నుంచు లాజరెట్టో కట్టిరి. ఉత్తరములను సైతము చీల్చి, పొగబెట్టి గాని పంచెడివారు కారు. అయినను 1813లో ప్లేగు చొరబడి నాలుగువేలమందికి పైగా పొట్టబెట్టుకొన్నది.

ఇక వీసాకు ఇన్సూరెన్సు తప్పదు. అది 30,000 యూరోలకు తక్కువ కారాదు. ఆకస్మిక చికిత్సయే గాక, మృతిచెందినచో దేహమును స్వదేశము చేర్చు ఖర్చుకూడ అందులో నుండవలెను. ఈ మాట విని మా వదినగారు కన్నీరు పెట్టుకొన్నారు. ఆమె కెదురుగా ఆ కాగితము చదువుట నాదే పొరపాటు.

మాల్టా పేరుతో ఒక జ్వరమే కలదు. తగ్గినట్లే తగ్గి నెలలతరబడి తిరుగబెట్టును. 1887లో డేవిడ్ బ్రూస్ అను సైనికవైద్యుడు దాని క్రిమిని వెల్లడించెను గాని, అది మనుష్యుని కెట్లు సోకునో తెలియలేదు. ఆ దినములలో మేకలను ఇంటింటికి తోలుకొనివచ్చి వాకిటనే పాలు పితికి యిచ్చెడివారు. 1905లో మాల్టావాడే యగు డాక్టరు జామిట్ ఆరోగ్యముగా కనబడు ఆ మేకల నెత్తురు పరీక్షించి, దోషము వానియందే యున్నదని తేల్చెను. 1906లో సైనికులకు మేకపాలు మాన్పించినంతనే వారిలో జ్వరము చాలవరకు తగ్గినది. ఈ వ్యాధి మన పశువులలోను కలదు; కాచిన పాలలో ఆ క్రిమి బ్రదుకదు. మావానికి గుమ్మపాలు చెంబుతో నెత్తి త్రాగు అలవాటున్నది. టీకాకు తారీఖు నిర్ణయించిననాడే వదినగారు ఆ చెంబును దాచివేసినారు.