పరీక్షించు యంత్రమునకే పరీక్ష

మెదక్ జిల్లాలోని నిజాంపేట మండలపు రైతు తన పట్టాదారు పాసుపుస్తకములోని సర్వే నంబరు సరియో కాదో తెలిసికొనగోరినచో, నేడు తహసీలు కచేరీలో దస్తరపు కట్టలు విప్పించుటకు మారుగా కంప్యూటరు తెర వంక చూడవలసియున్నది. 2020 అక్టోబరులో ధరణియు, 2025 ఏప్రిలులో భూభారతియు అను భూ పోర్టళ్లు వచ్చిన పిమ్మట భూమి చిట్టా సర్వరులోనికి చేరినది గనుక, ఆ సర్వరునకు తలుపులెన్ని, వానిలో గడియ పడనివెన్ని అను ప్రశ్న, కూకట్‌పల్లి చెంతనున్న మరియొక నిజాంపేటలో కాపురముండు సాఫ్ట్‌వేరు ఉద్యోగులకు మాత్రమే సంబంధించినది కాదు.

కంప్యూటరు తలుపులను పోర్టులందురు. లెక్కకు అవి 65,535. లోపములను వెదకు స్కానరు వానిని తట్టి, లోపలనుండి పలికిన ప్రోగ్రామేదో, దాని వెర్షన్ ఎంతయో గ్రహించి, లోకమునకు తెలిసిన లోపముల పట్టికతో పోల్చి నివేదిక వ్రాయును. 1995లో డాన్ ఫార్మర్, వీట్సె వెనెమా అనువారు ఇట్టి సాధనమును సాతాను అను పేరున విడుదల చేసినప్పుడు, ఇది దొంగల చేతికి దివిటీ యగునని పెద్ద అలజడి పుట్టెను. 1998లో రెనో దెరేజోన్ నెస్సస్‌ను ఉచితముగా పంచిపెట్టెను. 2005లో దాని కొత్త వెర్షన్ మూలము మూతపడగా, పాత మూలమునుండి ఓపెన్‌వాస్ జనించినది.

ఈ సాధనమేల యనువారికి 2017 నాటి ఉదంతమొక్కటి చాలును. విండోస్ కంప్యూటర్లు తమలో తాము ఫైళ్లు పంచుకొను 445వ పోర్టు వద్దనున్న ఘోరలోపమునకు మైక్రోసాఫ్ట్ మార్చి 14న ప్యాచ్ ఇచ్చినది. మే 12న వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము ఆ లోపముగుండనే చొరబడి, 150 దేశములలో 2 లక్షలకు పైగా కంప్యూటర్ల ఫైళ్లను బంధించి ధనమడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని సైతము దాని వాతబడినవి. నడుమ రెండు మాసములున్నవి. ప్యాచ్ పడని యంత్రములేవో చూపు స్కానరొకటి నడచి, ఆ నివేదికను చదువువాడొకడుండినచో ఆ వ్యవధి చాలియుండెడిది.

అయితే, స్కానరు చెప్పినది నిజమని ఎట్లు నమ్ముట? అందులకు, ఉన్న లోపములన్నియు ముందే తెలిసిన కంప్యూటరొకటి కావలెను. బుద్ధిపూర్వకముగా లోపములతో నింపి తయారుచేసిన మెటాస్ప్లాయిటబుల్ అను నకిలీ సర్వరు అట్టిది. దానిలో వీఎస్‌ఎఫ్‌టీపీడీ 2.3.4 అను ఫైళ్ల ప్రోగ్రాము కలదు. 2011లో ఎవరో ఆ ప్రోగ్రాము డౌన్‌లోడు ప్రతిలో రహస్యముగా దొంగదారి అమర్చిరి: యూజరు పేరు చివర ద్విబిందువును, కుండలీకరణ చిహ్నమును చేర్చి, అనగా నవ్వుమొగము బొమ్మ గీసి పంపినచో, 6200వ పోర్టు తెరుచుకొని యంత్రము సర్వస్వము ఆగంతకుని వశమగును! సోమరి స్కానరు 2.3.4 అను అంకెను చూచినంతనే గగ్గోలు పెట్టును. కాని అదే అంకె గల నిర్దోషమైన ప్రతులును కలవు. నిజమైన స్కానరు నవ్వుమొగము పంపి, 6200 తెరుచుకొన్నదో లేదో చూచి మరీ పలుకును. పరీక్షకుడు దోషపు ప్రతిని, మంచి ప్రతిని పక్కపక్కన నిలిపి రెండింటిపైనను స్కానరును నడపవలెను. లేని దోషమును ఆరోపించుట చిరాకు. ఉన్న దోషమును విడుచుట చేటు. విసిగిన ఉద్యోగి నివేదికలు చదువుట మానివేయును గనుక మొదటిదియు తుదకు చేటే యని నా యభిప్రాయము.

లినక్స్ వ్యవస్థలను పంచు డెబియన్, రెడ్‌హ్యాట్ వారు వెర్షన్ అంకెను మార్చకయే లోపమును సరిచేయుదురు. బయటినుండి అంకె చదువు స్కానరిట్లు పలుమార్లు పొరబడును. పాస్‌వర్డుతో లోనికి పోయి ప్యాకేజీల జాబితా చూచినచో ఈ బెడద తగ్గును గాన, రెండు విధములను వేరువేరుగా పరీక్షించుట మేలు. పరీక్షలో ప్రింటర్లను మరువరాదు: 9100వ పోర్టును తట్టినచో కొన్ని ప్రింటర్లు వచ్చిన ప్రశ్ననే కాగితములపై అచ్చువేయసాగును.

కచేరీలకు స్కానర్లు కొను అధికారులారా, ఏయే తెలిసిన లోపములపై దీనిని నడిపితిరి, ఎన్ని విడిచినది అని అమ్మువానిని అడుగుడు. జవాబు కాగితముపై తీసికొనుడు. ఉత్సాహవంతులైన విద్యార్థులు తమ సొంత కంప్యూటరులోని నకిలీ సర్వరుపైననే అభ్యసింతురు గాక. అనుమతి లేక పరుల కంప్యూటర్లలో దురుద్దేశముతో చొరబడినవారికి 2000 నాటి ఐటీ చట్టపు 66వ సెక్షను 3 సంవత్సరముల వరకు ఖైదునో, 5 లక్షల రూపాయల వరకు జుర్మానానో, రెండింటినో విధించుచున్నది.