మన కణాలలో నిద్రలేచే పాత జన్యువులు

ఎవరికో ఆటలమ్మ పోసిందన్న మాట తిమ్మాజిపేటలోనైనా, మరే ఊళ్లోనైనా మీరు వినే ఉంటారు. పొక్కులు మాడి, పక్కులు రాలగానే జబ్బు పోయిందనుకుంటాము. కాని దాన్ని కలిగించిన వైరస్ పోదు. వెన్నుపాము పక్కనున్న నాడీకణాలలో చేరి ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. వయసు మళ్లి ఒంట్లో సత్తువ తగ్గాక కొందరిలో మళ్లీ లేస్తుంది. ఒంటికి ఒకవైపు మంటతో పొక్కులు లేచే 'సర్పి' అదే!

ఇంతకంటే పాత వైరస్‌ల ఆనవాళ్లు మీలోనూ ఉన్నాయంటే నమ్ముతారా? లక్షల, కోట్ల సంవత్సరాల క్రితం రెట్రోవైరస్‌లు మన పూర్వజీవుల బీజకణాలలో చొరబడి, తమ జన్యువులను వాటి డి.ఎన్.ఎ.లో కలిపేశాయి. అవి తరతరాలుగా పిల్లలకు సంక్రమిస్తూ వచ్చాయి. మన డి.ఎన్.ఎ.లో సుమారు 8 శాతం వీటి అవశేషాలే. చాలావరకు చెడిపోయాయి. మిగిలినవాటికి కణం మిథైల్ అనే చిన్న రసాయన ముక్కలను అతికించి, తాళం వేసినట్లు ఉంచుతుంది.

ఆ తాళం తీసేదెవరు? ఒక్కొక్కప్పుడు మనలో దాగిన వైరస్సే! ఆటలమ్మ వైరస్‌కు చుట్టమైన ఎప్‌స్టీన్-బార్ వైరస్‌ను 1964లో కనిపెట్టారు. పెద్దవారిలో నూటికి 90 మందికి పైగా రక్తంలోని బి-కణాలలో ఇది దాగి ఉంటుంది. ఈ వైరస్ హెచ్.ఇ.ఆర్.వి.-కె18 అనే పురాతన జన్యువును మేల్కొల్పుతుందని 2001లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చూపారు. మామూలుగా ఒక శత్రువుపైకి కొద్ది టి-కణాలే కదులుతాయి. ఈ జన్యువు తయారుచేసే ప్రోటీను మాత్రం వాటిని గుంపులు గుంపులుగా రెచ్చగొడుతుంది.

అయితే పాత జన్యువులన్నీ చెడ్డవేనా? కాదు. తల్లి కడుపులో బిడ్డకు ఆహారమందించే మాయ ఏర్పడడానికి సిన్సిటిన్ అనే ప్రోటీను కావాలి. దాని జన్యువు ఒకనాటి రెట్రోవైరస్‌దే!

ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకినవారిలో, నరాలను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లిరోసిస్ వచ్చే ముప్పు 32 రెట్లు పెరుగుతుందని 2022లో వెల్లడైంది. ఇందులో మేల్కొన్న పాత జన్యువుల చెయ్యి ఉందా? అవి జబ్బును తెస్తున్నాయా, లేక జబ్బుతోపాటు లేస్తున్నాయా? కప్పలు అరిచిన రోజున వాన కురిస్తే, వానను కప్పలే తెచ్చాయనగలమా? శాస్త్రజ్ఞులు తేల్చవలసింది సరిగ్గా ఇదే. ఆ జన్యువే కారణమని రుజువైతే, దానికి మళ్లీ తాళం వేసే మందు కోసం వెతకవచ్చు. రేపు ఆ మందు కనిపెట్టేది మీలో ఒకరే కావచ్చు!