పోత ఇనుప వంటపాత్ర, దాని నల్లని పూత

ఆస్ట్రేలియా దేశమున జనసంచారము తక్కువగా నుండు మైదానములలో పశువులను తోలుకొనిపోవువారు తమ వెంట గొనిపోవుచు వచ్చిన పాత్ర యొకటి కలదు. దానిని వారు క్యాంపు ఓవెను అందురు. అమెరికాలో దానికి డచ్చి ఓవెను అని పేరు. లోతైన ఇనుప గిన్నె, అడుగున మూడు పొట్టి కాళ్లు, వ్రేలాడదీయుటకు తీగ పిడి, పైన అంచు లేచిన బరువైన మూత. ఆ యంచు మూతపై పోసిన నిప్పులు జారిపోకుండుటకై యున్నది. క్రింద కొన్ని నిప్పులును, పైన అంతకంటె నెక్కువగాను ఉంచి, ఆరుబయటనే రొట్టె కాల్తురు. హైదరాబాదు దమ్ము బిరియానీ వండునపుడు గిన్నె మూతపై నిప్పులు పఱచుట చూచినవారికి ఈ యుపాయము క్రొత్తగా తోచదు.

ఇట్టి పాత్రలు సామాన్యుల కందుబాటులోనికి వచ్చుటకు ఇంగ్లండులోని అబ్రహాము డార్బీ ముఖ్యకారకుడు. తడిమట్టి అచ్చులతో పని లేక కేవలము ఇసుక అచ్చులలోనే ఇనుప కుండలను పోతపోయు విధానమునకు ఆయన 1707లో పేటెంటు పొందెను. పోత ఇనుములో నూటికి 2 మొదలు 4 పాళ్ల వఱకు కర్బనము కలిసియుండును. అందుచేతనే అది కరగినపుడు అచ్చులోని మూలమూలలకు పాఱును. అందుచేతనే గట్టిపడిన పిమ్మట పెళుసుగా నుండును. మెల్లగా వేడెక్కును, వేడెక్కిన పిమ్మట ఆ వేడిని చాలసేపు విడువదు. ఇన్ని గుణములుండియు దానికి తుప్పు అను శత్రువు తప్పలేదు. ఆ శత్రువును ఆపునది నల్లని పూత.

ఈ పూతను గూర్చి మన యిండ్లలో అపోహ కలదు. దోసెల పెనముపై నల్లగా మెఱయు పొరను కొందఱు మసి యనుకొందురు, కొందఱు జిడ్డు అనుకొందురు. అది రెండును కాదు. పలుచగా పట్టిన నూనె మిక్కిలి వేడికి లోనై, గాలిలోని ప్రాణవాయువుతో కూడి, దాని అణువులు ఒకదానితో నొకటి గొలుసులుగా పెనవేసికొని గట్టిపడిన పొర యది. తలుపులకు వేయు నూనెరంగు ఎండి గట్టిపడుటయు ఇట్టి మార్పే. ఇట్లు మాఱిన పొర నీటిని ఇనుమునకు తగులనీయదు, పిండిని అంటుకొననీయదు.

క్రొత్త పాత్రను ఈ స్థితికి తెచ్చు క్రమమిది. అంగడినుండి వచ్చిన పాత్రకు తుప్పు పట్టకుండ మైనమో నూనెయో పూసి యుండవచ్చును. దానిని వేడినీటితోను సబ్బుతోను కడిగి, గుడ్డతో తుడిచి, సన్నని సెగపై పూర్తిగా ఆరనీయవలెను. వెచ్చగా నుండగనే లోపల, వెలుపల, మూతకు, కాళ్లకు కూడ నూనె రాయవలెను. రాసిన తర్వాత, పొరపాటున రాసితిమి కాబోలు అన్నట్లుగా, పొడిగుడ్డతో అంతయు తుడిచివేయవలెను. మిగిలిన ఆ కంటికానని నూనెయే చాలును. చాలమంది చెడగొట్టుకొనునది ఇక్కడనే: నూనె ఎక్కువైనచో అది గట్టిపడక జిగురుగా మిగులును. పిమ్మట పాత్రను బోర్లించి, 200 మొదలు 250 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచవలెను. ఉష్ణమాపకము లేనివారికి పొగయే గుర్తు: సన్నని పొగ లేచి, తనంతట తాను తగ్గవలెను. చల్లారిన తర్వాత మరల రాసి మరల కాల్చవలెను. ఇట్లు మూడు నాలుగు మాఱులు చేసిన గాని పూత నిలువదు.

ఏ నూనె మంచిది? అవిసె నూనె త్వరగా గట్టిపడును గాని, ఆ పొర పెచ్చులుగా లేచునని వాడినవారు పలువురు చెప్పుచున్నారు. ప్రొద్దుతిరుగుడు, నువ్వుల నూనెలు చక్కగా పనిచేయును. కొబ్బరినూనె, నేయి ఇట్లు గట్టిపడు స్వభావము కలవి కావు. నూనెలో ముంచిన ఉల్లిపాయ చెక్కతో దోసె దోసెకును పెనమును రుద్దు మన స్త్రీలు, శాస్త్రము చెప్పు పలుచని పూతనే దినదినమును వేయుచున్నారు.

ఇక మన యిండ్లలో ఇనుప పాత్రకు కలుగు పెద్ద హాని శుభ్రత పేరనే కలుగుచున్నది. ఇత్తడి బిందెను చింతపండుతో తోమి తళతళలాడించుట మంచి అలవాటే. ఆ చేతితోనే పెనమును కూడ తెల్లగా తోమినచో, నెలల తరబడి పట్టిన పూత ఒక్క ఉదయమున పోవును. పులుపు ఆ పొరను తినివేయును. కావున పూత బాగుగా కుదురువఱకు పులుసు, టమాటా కూర అందు వండరాదు. ఇనుము కూరలో దిగుట సామాన్యముగా దేహమునకు కీడు కాదు గాని, కూర నల్లబడి లోహపు రుచి వచ్చును. వంట ముగిసిన తర్వాత వేడినీరు, పీచు చాలును. మాడు అంటినచో రాతియుప్పుతో రుద్దవచ్చును. కారము తక్కువైన నేటి సబ్బు కొంచెము తగిలినను భయము లేదు. నీటిలో నానబెట్టుట మాత్రము కూడదు. కడిగిన వెంటనే పొయ్యిపై ఆరబెట్టి, నూనెగుడ్డతో ఒకమాఱు తుడిచి ఉంచవలెను.

కాలుచున్న పాత్రలో చన్నీరు పోసినచో అది పగులవచ్చును. ఒక భాగము ముడుచుకొనగా మఱియొక భాగము వ్యాకోచించియే యుండుట దీనికి కారణము. దాచునపుడు మూతకును అంచునకును నడుమ కాగితపు మడత పెట్టినచో గాలి ఆడును. లేకున్న, ముఖ్యముగా మన సముద్రతీరపు ఊళ్లలో, లోపలి చెమ్మకు తుప్పు పట్టును, నూనె మక్కిపోవును.

తుప్పు పట్టినదని పాత పాత్రను ఇనుప సామానులవానికి తూచి ఇచ్చివేయువారు కలరు. తొందరపడరాదు. ఇనుపపీచుతో తుప్పును గీకివేసి, మొండి మరకలకు సమపాళ్ల వెనిగరు, నీరు కలిపి గంటకు మించకుండ ఉంచి, కడిగి, ఆరబెట్టి, వెంటనే పూత మొదలుపెట్టినచో అది మరల వంటకు వచ్చును. ముందుగా దానిని వ్రేలాడదీసి చెక్కగరిటెతో తట్టి చూడవలెను. గంటవలె మ్రోగినచో పాత్ర నిండుగా నున్నట్లు. బొంగురుగా పలికినచో కంటికి కనబడని పగులుండవచ్చును, అట్టిదానిని మరల నిప్పుమీద పెట్టరాదు.