బొద్దింకపిల్లలు

వంటయింటి గోడబీటలలో ఱెక్కలు లేని చిన్నపురుగులు తిరుగుచుండ జూచి, యివి వేఱొక జాతివని మనలో ననేకులు తలంతురు. అవి బొద్దింకపిల్లలే. హిందూపురమున కన్నడము మాటలాడు నిండ్లలో వీనినే జిరలె లందురు. సీతాకోకచిలుకకు గొంగళిపురుగువలె దీనికి వేఱు రూపము లేదు. గ్రుడ్డు వెడలినది మొదలు తల్లిపోలికనే యుండి, పలుమాఱులు కుబుసము విడిచి పెరుగును. ఱెక్కలు తుదికుబుసముతో వచ్చును. కుబుసము విడిచిన తోడనే తెల్లగా నుండి, కొన్ని గంటలలో రంగు తిరుగును. తెల్లబొద్దింక యని మనము వింతపడునది యిదియే.

మన యిండ్లలో ముఖ్యముగా రెండు తెగలు గలవు. ఎఱ్ఱని పెద్దది మురుగుకాలువలనుండి వచ్చును. దాని గ్రుడ్లతిత్తిలో సుమారు 15 గ్రుడ్లుండును. పిల్ల పెద్దదగుటకు 6 నెలలకు పైబడి పట్టును. జర్మనుబొద్దింక యను చిన్నది 30 మొదలు 40 గ్రుడ్లుగల తిత్తిని పిల్లలు వెడలు సమయమువఱకు మోసికొని తిరుగును. ఆ పిల్లలు వెచ్చనిచోట సుమారు 2 నెలలలోనే పెద్దవగును. పేరు జర్మనీదైనను దాని పుట్టినిల్లు మన దక్షిణాసియాయే యనియు, సుమారు 2,100 ఏండ్లక్రిందట ఆసియాబొద్దింకనుండి వేఱుపడెననియు 2024లో ప్రకటింపబడిన జన్యుపరిశోధన తెల్పినది.

ఇవి పగలు దాగి రాత్రి మేయును. హిందూపురమున బెల్లము, చింతపండు నిలువయుంచు గదులును, పెనుకొండలోని పాత రాతిగోడల సందులును, ధర్మవరపు నేతయిండ్లలో మగ్గపుగుంటల మూలలును వీనికి దగిన తావులు. గంజిపెట్టిన బట్టలను, పుస్తకముల జిగురునుగూడ కొఱుకును. ఇంతకన్న భయమైన సంగతి వేఱొకటి కలదు. వీని మలమును, విడిచిన కుబుసములును పొడియై గాలిలో గలసి, పసిబిడ్డలకు ఉబ్బసమును రేపవచ్చును. రాత్రులు బిడ్డ ఆయాసపడుచుండిన, వైద్యునికి జూపుటతోబాటు వంటయింటి మూలలనుగూడ జూడవలయును.

మందు ఒకమాఱు చల్లి నిశ్చింతగా నుండరాదు. తిత్తిలోని గ్రుడ్లకు మందు సోకదు; కొన్ని వారములకు మరల పిల్లలు వెడలును. లేతపిల్లలు దూరము పోక, దాగినచోటనే పెద్దవాని మలమును దిని బ్రదుకును. కావున బోరికామ్లమును పంచదార, గోధుమపిండితో గలిపి చిన్నయుండలుచేసి, బీటలకు దగ్గఱనే యుంచి, కొన్ని వారములు విడువక మార్చుచుండవలెను. అది విషము, బిడ్డలకును, పశువులకును అందనీయరాదు. బీటలు సున్నముతోనో సిమెంటుతోనో పూడ్చుడు. రాత్రి పరుండబోవుటకు ముందు ఎంగిలి తీసి, పొయ్యిచెంత జిడ్డు తుడిచి, తొట్టియడుగున తడి యాఱునట్లు చేయుడు. నీరు దొరకనిచోట బొద్దింక చిరకాలము నిలువజాలదు.