చలికాలపు పోటీ – తుపానుకు తర్ఫీదు

అనకాపల్లి ప్రాంతంలో స్కౌట్లకు, గైడ్లకు ఆరుబయట పోటీలు జరపడానికి డిసెంబరు, జనవరి నెలలు అనువైనవి. వానలు తగ్గుతాయి, ఎండ బాధించదు. అయితే ఈ పోటీలు ఎందుకు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు కరెంటు, ఫోన్లు నిలిచిపోయాయి. చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. అటువంటి రోజున గట్టిగా ముడి వేయగల, గాయానికి కట్టు కట్టగల బిడ్డలు ఇంటికి ఎంత అండ!

కనుక మనం పెట్టే అంశాలు ఆ అవసరానికి తగినట్లుండాలి. మంచుకు తడిసిన పుల్లలతో మూడు రాళ్ల పొయ్యి వెలిగించి అన్నం వండడం, రెండు కర్రలు, ఒక దుప్పటితో స్ట్రెచర్ కట్టడం, దిక్సూచితో దారి పట్టడం చాలు. ఇది చెరకు నరికే కాలం. ఎండుటాకు ఇట్టే అంటుకుంటుంది. పొయ్యి దగ్గర నీళ్లు, ఇసుక, ఒక పెద్ద మనిషి తప్పక ఉండాలి.

1907లో బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ దీవిలో జరిపిన తొలి శిబిరంలోనే బాలురను చిన్న దళాలుగా విభజించారు. మనమూ మార్కులు దళానికే ఇద్దాం. ముడి వేయవలసింది దళంలో అందరికంటే చిన్న బిడ్డ, నేర్పవలసింది పెద్దవారు.

తల్లిదండ్రులారా, మేము కోరేది ఒక్కటే. ఇంటికి వచ్చిన బిడ్డను "బహుమతి వచ్చిందా?" అని కాక, "ఎవరికి నేర్పావు?" అని అడగండి.