మీకు తెలుసా? కౌంటీ జైలు నుంచి ఎవరు బయటికొచ్చారో ఎవరైనా చూడొచ్చు

అమెరికాలో కౌంటీ జైలు వేరు, ఎక్కువ కాలం శిక్ష పడ్డవాళ్లుండే ప్రిజన్ వేరు. విచారణ కోసం ఎదురుచూసేవాళ్లు, సాధారణంగా ఏడాదిలోపు శిక్ష పడ్డవాళ్లు ఉండేది కౌంటీ జైల్లో. చాలాచోట్ల దాన్ని నడిపేది షెరీఫ్. కాబట్టి ముందు వెతకాల్సింది ఆ కౌంటీ షెరీఫ్ వెబ్‌సైట్లోనే. పేరు కొడితే బుకింగ్ నంబరు, అభియోగాలు, బెయిలు మొత్తం, చాలా కౌంటీల్లో విడుదల తేదీ కూడా వస్తాయి. 'విడుదల' అని కనిపించగానే మనిషి ఇల్లు చేరాడనుకోకండి. వేరే కౌంటీకో, ఫెడరల్ అధికారులకో అప్పగించినా అలాగే రాయొచ్చు.

వెతక్కుండానే విడుదల కబురు అందే ఏర్పాటూ ఉంది; దాని వెనక ఓ హత్య ఉంది. 1993 డిసెంబరులో కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో ఓ యువతిని ఆమె 21వ పుట్టినరోజునాడే మాజీ ప్రియుడు కాల్చి చంపాడు. ఆమెపై అత్యాచారం కేసులోనే అరెస్టయి, బెయిలు మీద బయటికొచ్చినవాడు! ఆ కబురు ఆమెకు ఎవరూ చెప్పలేదు. మరుసటి ఏడాదే అక్కడ 'వైన్' అనే వ్యవస్థ మొదలైంది. ముందుగా నమోదు చేసుకున్నవాళ్లకు, ఖైదీ విడుదల కాగానే ఫోన్ వెళ్తుంది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది, పైసా ఖర్చు లేదు.

ఇంకొకటి: జైలు జాబితాలో పేరుంటే అరెస్టయినట్టే తప్ప నేరం రుజువైనట్టు కాదు. అది తెలిసేది కోర్టు రికార్డులో.