ఆ పనిలో నిన్నటిదాకా ఎవరున్నారు?

పాలస్తీనా హక్కుల మీద ముఖచిత్ర కథనం కావాలని, గురువారానికల్లా పేజీలు సిద్ధం కావాలని ఎడిటర్ చెప్పారు. ఐక్యరాజ్యసమితి తీర్మానాలు, ఒప్పందాలు, పటాలు ముందేసుకుని కూర్చున్నాను. అన్నిటిలోకీ నన్ను వదలకుండా పట్టుకున్నది ఒక ఉద్యోగ ప్రకటన. ఇజ్రాయెల్‌లో ఇళ్లు కట్టడానికి 10,000 మంది కావాలంటూ 2023 డిసెంబరులో హరియాణా ప్రభుత్వ సంస్థ ఇచ్చినది. వనపర్తి జిల్లా పెద్దమందడిలాంటి చోట చదివితే అది విదేశాంగ వార్త కాదు, ఇంటి సంగతి.

అందులో ఉన్నవి నాలుగే పనులు. సెంట్రింగ్‌కు 3,000 మంది, ఇనుప చువ్వలు వంచి కట్టడానికి 3,000, టైల్స్ పరచడానికి 2,000, గిలాబుకు 2,000. జీతం నెలకు 6,100 షెకెళ్లు, అప్పటి మన లెక్కలో దాదాపు 1.37 లక్షలు. దానికి తోడు ప్రతి నెలా 16,515 రూపాయలు ఒక నిధిలో జమ చేస్తారు. ఆ సొమ్ము గడువు తీరాకే చేతికొస్తుంది. అది పొదుపు మాత్రమే కాదు, పని మధ్యలో వదిలి పోనివ్వని కట్టు కూడా అనిపించింది నాకు. తిండి, బస, ఆరోగ్య బీమా ఖర్చులు కార్మికుడివే.

ఈ నాలుగు పనులూ పాలమూరుకు కొత్తవి కావు. పెద్దమందడి 2016 దాకా పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. పక్కన కృష్ణ పారుతున్నా పొలానికి నీళ్లందని ఈ నేల నుంచి దశాబ్దాల తరబడి జనం కూలికి పోయారు. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా అక్కడ ‘పాలమూరు లేబర్’ ఉండేది. గుంపు మేస్త్రి ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. పెళ్లికో వైద్యానికో ఆ డబ్బు కరిగిపోయేది. అప్పు తీరేదాకా మొగుడూ పెళ్లాం ఇద్దరూ మట్టి మోసేవాళ్లు. ఇలాంటి వలస కూలీల కోసమే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. చట్టం వచ్చినా మేస్త్రి పోలేదు.

అందుకే ఆ ప్రకటన చదువుతుంటే ఒకే ప్రశ్న తొలిచింది. ఆ సెంట్రింగ్ పని, ఆ గిలాబు పని నిన్నటిదాకా ఎవరు చేశారు?

వెస్ట్ బ్యాంక్ పాలస్తీనీయులు. 2023 అక్టోబరుకు ముందు ఇజ్రాయెల్‌లోనూ, ఆక్రమిత భూమిలోని యూదు కాలనీల్లోనూ పనిచేసే పాలస్తీనీయులు లక్షన్నరకు పైనే. వాళ్లలో ఎక్కువమంది భవన నిర్మాణంలోనే. గాజా నుంచి వచ్చేవాళ్లు మరో 18,000 మంది దాకా ఉండేవారు. తెల్లవారకముందే బెత్లెహేమ్ దగ్గర ‘చెక్‌పోస్ట్ 300’ ముందు, కలందియా దగ్గర ఇనుప కటకటాల మధ్య బారులు తీరి నిలబడేవాళ్లు. పర్మిట్ ఉంటేనే గేటు దాటాలి. చాలామంది ఆ పర్మిట్ కోసం దళారికి నెలనెలా రెండువేల షెకెళ్లకు పైగా కట్టేవాళ్లు. ఇది చదివినప్పుడు నాకు మన గుంపు మేస్త్రే కనిపించాడు. పని చేసే చేతికీ కూలి డబ్బుకూ మధ్య నిలబడి వాటా తీసుకునే మనిషి అక్కడా ఉన్నాడు. కాకపోతే పాలమూరు కూలీ అప్పు తీరితే రైలెక్కి ఇంటికి రాగలడు. పాలస్తీనా కూలీకి తన ఊరికీ పనికీ మధ్య సైన్యం ఉంది.

2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మంది చనిపోయారు. ఆ ఘోరాన్ని ఏ హక్కూ సమర్థించదు. ఆ వెంటనే పర్మిట్లు దాదాపు అన్నీ ఆగిపోయాయి. దాడితో ఏ సంబంధమూ లేని కార్మికులు రాత్రికి రాత్రే పనిలేనివాళ్లయ్యారు. ఆ తర్వాత ఇజ్రాయెల్ చేసిన యుద్ధంలో గాజాలో చనిపోయినవాళ్ల సంఖ్య 60,000 దాటిందని అక్కడి ఆరోగ్యశాఖ 2025 జులైలో చెప్పింది. ఖాళీ అయిన పరంజాల మీదికి భారతీయులను పంపమని ఇజ్రాయెల్ బిల్డర్లు అడిగారు. ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 42,000 మంది భారతీయ కార్మికుల ఒప్పందం యుద్ధానికి ముందే, 2023 మేలో ఢిల్లీలో జరిగింది. అందులో 34,000 నిర్మాణ పనులకు, 8,000 నర్సింగ్‌కు. తలుపు ముందే తెరుచుకుంది. యుద్ధం దాని వెనకున్న గదిని ఖాళీ చేసింది.

2024 మే నెలాఖరులో ఎంపికలు హైదరాబాద్‌కూ వచ్చాయి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, కేంద్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ కలిసి నాలుగు రోజులు నడిపాయి. 2,209 మంది పేర్లు నమోదు చేసుకుంటే 905 మంది ఎంపికయ్యారు, నిజామాబాద్ వైపు నుంచి ఎక్కువగా. వెళ్లినవాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు. ఇంటి మీద అప్పున్నవాడు 1.37 లక్షల జీతం చూసి ఆగడు. తప్పు పట్టవలసింది, ఒక మనిషి హక్కు తీసేసిన చోట ఇంకో మనిషి అవసరాన్ని కూర్చోబెట్టే ప్రభుత్వాలను.

ఈ మాట ముందుగా అన్నది కార్మిక సంఘాలే. ఐఎన్‌టీయూసీ, ఏఐటీయూసీ, సీఐటీయూ సహా పది కేంద్ర సంఘాలు 2023 నవంబరులో ఒప్పందం రద్దు చేయమన్నాయి. 2024 ఫిబ్రవరిలో ఓడరేవు కార్మికుల సమాఖ్య ఇజ్రాయెల్ ఆయుధాల సరుకు ఎత్తబోమని ప్రకటించింది. పాలస్తీనా హక్కుల కోసం ఈ దేశంలో జరిగిన పనుల్లో నా మనసుకు దగ్గరైనవి ఇవి. కూలీ కూలీ గురించి మాట్లాడాడు. ఇకముందు ఇజ్రాయెల్‌తో కార్మిక ఒప్పందం ఏదైనా, పర్మిట్లు పోయిన పాలస్తీనీయులను తిరిగి పనిలోకి తీసుకోవడాన్ని అందులో షరతుగా పెట్టమని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి.

చరిత్రను ఒక్క గుక్కలో చెప్పాలంటే: 1947 నవంబరు 29న పాలస్తీనా విభజనకు భారత్ వ్యతిరేకంగా ఓటేసింది. 1974లో పాలస్తీనా విమోచన సంస్థ (పీఎల్ఓ)ను, 1988లో పాలస్తీనా దేశాన్ని గుర్తించింది. 1992 నుంచి రెండు వైపులా స్నేహం నడుపుతోంది.

తెలుగు ప్రధాని నిర్ణయం

ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు 1992 జనవరి 29న పి.వి. నరసింహారావు హయాంలో మొదలయ్యాయి. అదే నెలలో పీఎల్ఓ నేత అరాఫత్ ఢిల్లీ వచ్చి వెళ్లారు. సోవియట్ యూనియన్ కూలి నెల తిరిగిన రోజులవి. పి.వి. కాలపు ఒత్తిళ్లు అర్థమవుతాయి. 1996లో గాజాలో భారత కార్యాలయం తెరుచుకుంది, 2003లో రమల్లాకు మారింది.

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో మన ఓట్లు

2023 అక్టోబరు 27: గాజాలో కాల్పుల విరామ తీర్మానం, భారత్ తటస్థం. 2023 డిసెంబరు 12: అనుకూలం. 2024 మే 10: పాలస్తీనా సభ్యత్వం, అనుకూలం. 2024 సెప్టెంబరు 18: ఏడాదిలో ఆక్రమణ ముగించాలన్న తీర్మానం, తటస్థం. 2025 జూన్ 12: కాల్పుల విరమణ, తటస్థం. 2025 సెప్టెంబరు 12: రెండు దేశాల పరిష్కారంపై న్యూయార్క్ ప్రకటన, అనుకూలం.